ముల్లు పైకి పోకముందే: ఎండల్లో కారు ఇంజిన్ ఎందుకు వేడెక్కుతుంది, కారణం ఎలా పట్టుకోవాలి

మా కారు డిక్కీలో రెండు లీటర్ల నీళ్ల బాటిల్ ఒకటి ఎప్పుడూ ఉండేది. తాగడానికి కాదు, రేడియేటర్‌కు. మా మామయ్య చాలా ఏళ్లు లారీ నడిపాడు. బండి ఎక్కే ముందు రేడియేటర్‌లో నీళ్లు చూడడం, తగ్గితే దగ్గర్లో ఏ బోరు కనబడితే అక్కడ డబ్బా నింపుకొచ్చి పోసేయడం ఆయనకు అలవాటు. అది చూసి పెరిగిన నేను కూడా అదే చేశాను. రెండు నెలలపాటు వారానికి అర లీటరు చొప్పున పోస్తూ వచ్చాను. ఆ నీళ్లు ఎక్కడికి పోతున్నాయని మాత్రం ఒక్కసారి కూడా వెతకలేదు.

రోహిణి కార్తెలో ఇంటిల్లిపాదీ పెళ్లికని నెల్లూరు నుంచి ఉదయగిరి మీదుగా కనిగిరి పోతుంటే, పామూరు దాటాక బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచింది. వెనక సీట్లో అమ్మ, ఇద్దరు పిల్లలు. చుట్టూ చెట్టు నీడ కూడా లేదు. తర్వాత ఇంజిన్ మీద మూతలా ఉండే హెడ్డు దించి, వంకర పోయిన దాని అడుగును సమం చేసే ఫేసింగ్ చేయించి, హెడ్డు కింద ఉండే గాస్కెట్ మార్చి బండి చేతికి వచ్చేసరికి పది రోజులు పట్టింది. ఇంతకీ కారణం ఏమిటంటే, హీటర్‌కు పోయే గొట్టం దగ్గర వదులైన ఒక క్లిప్పు. స్క్రూడ్రైవర్‌తో రెండు చుట్లు తిప్పితే సరిపోయేది.

మామయ్య అలవాటులో తప్పు లేదు. ఆ కాలం లారీ ఇంజిన్లకు దళసరి ఇనుప హెడ్లు ఉండేవి, కొంత వేడికి ఓర్చుకునేవి. ఇప్పటి కార్లలో హెడ్డు అల్యూమినియం. వేడికి అది ఇనుముకంటే ఎక్కువ సాగుతుంది, వంకర కూడా త్వరగా పోతుంది. చాలా కార్లలో హెడ్డు వంకర మిల్లీమీటరులో పదో వంతు కూడా దాటకూడదు. అందుకే ఈ బండ్లకు నీళ్లు పోసి సర్దుకుపోయే పద్ధతి పనికిరాదు. కూలెంట్, అంటే ఇంజిన్ వేడిని రేడియేటర్‌కు మోసుకుపోయే ద్రవం, మూసి ఉన్న దారిలో తిరుగుతుంది, మామూలుగా అది తగ్గకూడదు. తగ్గిందంటే ఎక్కడో లోపం ఉన్నట్టే. ఏడాదికి వేలెడు తగ్గితే కంగారు పడక్కర్లేదు. నెలనెలా పోయాల్సి వస్తుంటే మాత్రం వెతకాలి.

ముందుగా, దారిలో వేడెక్కితే ఏం చేయాలి

టెంపరేచర్ ముల్లు రోజూ నిలిచే చోటు నుంచి పైకి కదిలిందని గమనించగానే ఇలా చేయండి.

1. ఏసీ ఆపేసి అద్దాలు దించండి.

2. హీటర్‌ను పూర్తి వేడికి తిప్పి, బ్లోయర్ ఫుల్‌లో పెట్టండి. 43 డిగ్రీల ఎండలో ఇది నరకంలా ఉంటుంది. అయినా హీటర్ కూడా ఒక చిన్న రేడియేటరే కాబట్టి ఇంజిన్ వేడిని కొంత బయటికి లాగుతుంది. ముల్లు కిందికి దిగడం మొదలైతే నెమ్మదిగా దగ్గర్లోని నీడ దాకా, పెట్రోలు బంకు దాకా పోవచ్చు. హీటర్ నుంచి చల్లగాలి వస్తోందా? అయితే లోపల కూలెంట్ లేనట్టే. ఇక ఒక్క అడుగు కూడా నడపకండి.

3. ఎర్ర లైటు వెలిగినా, ఆవిరి కనబడినా, ముల్లు ఎర్ర గీతను తాకినా పక్కకు తీసి వెంటనే ఇంజిన్ ఆపండి. "ఇంకో రెండు కిలోమీటర్లే కదా" అనుకోవద్దు. హెడ్డు పోయేది ఆ రెండు కిలోమీటర్లలోనే.

4. నేషనల్ హైవే 16 మీద ఆగాల్సి వస్తే వీలైనంత ఎడమకు తీసి, నాలుగు ఇండికేటర్లూ వేసి, త్రిభుజం బోర్డు వెనక దూరంగా పెట్టి, అందరినీ రెయిలింగ్ అవతలికి పంపండి. బండి బాగోగులు ఆ తర్వాతే.

5. కనీసం ముప్పావు గంట ఆగండి. ఈలోగా రేడియేటర్ మూత జోలికి పోవద్దు. లోపల ఒత్తిడి కింద ఉన్న కూలెంట్ 110 డిగ్రీలు దాటి కూడా మరగకుండా ఉంటుంది. మూత తీయగానే ఒత్తిడి పోయి ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది. మందపాటి గుడ్డ వేసి తీస్తే ఏమీ కాదనుకుని చేతులు కాల్చుకున్నవాళ్లు ఉన్నారు. గుడ్డతో పై హోస్ పైపును, అంటే రేడియేటర్ పైభాగానికి వచ్చే రబ్బరు గొట్టాన్ని, పట్టుకుని నొక్కి చూడండి. గట్టిగా ఉంటే ఒత్తిడి ఇంకా ఉన్నట్టు. మెత్తబడి, చేత్తో హాయిగా పట్టుకోగలిగినప్పుడే మూత తీయాలి.

6. వేడి ఇంజిన్ మీద చల్లటి నీళ్లు గుమ్మరించకండి. లోపల కూడా పోయకండి. ఎర్రగా కాలిన పెనం మీద నీళ్లు పడ్డట్టే, లోహం పగులుతుంది. చల్లారాక ఇంజిన్ స్టార్ట్ చేసి, కొంచెం కొంచెంగా పోయండి. కూలెంట్ దొరక్కపోతే తాగే నీళ్ల బాటిలు వాడుకోవచ్చు. ఇంటికి చేరాక దాన్ని తీసేసి సరైన కూలెంట్ నింపాలని గుర్తుంచుకోండి.

పోసిన నీళ్లు పోసినట్టే కిందికి కారుతుంటే బండిని లాగించుకుపోవడమే మేలు.

ముల్లును పూర్తిగా నమ్మకూడదని కూడా చెప్పాలి. చాలా కార్లలో అసలు వేడి 80 నుంచి 105 డిగ్రీల మధ్య ఎక్కడున్నా ముల్లు నడిమధ్యే నిలిచేలా తయారుచేస్తారు. అది కదిలేసరికి వేడి హద్దు దాటిపోయి ఉంటుంది. కూలెంట్ మొత్తం కారిపోతే సెన్సర్ ఉత్త గాలిలో ఉంటుంది, అప్పుడు ముల్లు కిందికి కూడా పడొచ్చు. నా విషయంలో ఇదే జరిగింది. ఒకసారి పైకి పోయి మళ్లీ దిగితే తగ్గిందనుకున్నాను. ఇప్పుడు వచ్చే చాలా చిన్న కార్లలో ముల్లే లేదు. చల్లగా ఉంటే నీలం లైటు, మితిమీరితే ఎర్ర లైటు, అంతే. అలాంటి బండి ఉన్నవాళ్లు ఇంజిన్ కంప్యూటర్ లెక్కలు చదివే ఓబీడీ బ్లూటూత్ పరికరం ఒకటి కొని స్టీరింగ్ కింద పోర్టుకు తగిలిస్తే, ఫోన్‌లో కూలెంట్ వేడి డిగ్రీలతో సహా కనబడుతుంది. మీ బండి మామూలు రోజుల్లో ఎంత దగ్గర ఉంటుందో చూసి రాసిపెట్టుకోండి. నాది హైవేలో 88, 90 మధ్య ఉంటుంది. ట్రంకు రోడ్డు ట్రాఫిక్‌లో 97 దాకా పోయి, ఫ్యాను తిరిగాక మళ్లీ దిగుతుంది. ఎప్పుడైనా హైవేలో 98 కనబడిందంటే, ముల్లు కదలకపోయినా ఏదో మారిందని నాకు తెలిసిపోతుంది.

ఎప్పుడు వేడెక్కుతోంది?

మెకానిక్ దగ్గరికి పోయి "అన్నా, బండి హీట్ అవుతోంది" అని మాత్రమే చెబితే ఆయనకు అర్థమయ్యేది తక్కువ. ఎప్పుడు వేడెక్కుతోందో చెప్పగలిగితే సగం పని అయిపోయినట్టే.

నిలబడితే వేడెక్కి, కదిలితే చల్లబడుతుంటే ముందు ఫ్యానును అనుమానించాలి. నడిచేటప్పుడు ఎదురుగాలి రేడియేటర్‌ను చల్లబరుస్తుంది. సిగ్నల్ దగ్గర ఆ పని ఫ్యాను చేయాలి.

సిగ్నల్ దగ్గర బాగుండి, హైవేలో వేగం మీద గానీ ఘాట్ ఎక్కేటప్పుడు గానీ వేడెక్కుతుంటే ఫ్యాను తప్పు కాదు. రేడియేటర్ లోపల పూడిపోయి ఉండాలి, లేదా బయట దుమ్ము పట్టి ఉండాలి, లేదా వాటర్ పంపు సరిగ్గా నెట్టడం లేదు. రాపూరు నుంచి చిట్వేలు ఘాట్ ఎక్కినప్పుడో, దోర్నాల దాటి శ్రీశైలం పోయేటప్పుడో మాత్రమే కనబడే జబ్బు ఇది. ఊళ్లో తిరిగినంతకాలం బయటపడదు. తీర్థయాత్రకు పోయేముందు బండి చూపించుకోవాలనేది ఇందుకే.

స్టార్ట్ చేసిన ఐదు పది నిమిషాల్లోనే ముల్లు పైకి పోతే థర్మోస్టాట్ (కూలెంట్‌ను రేడియేటర్‌లోకి వదిలే చిన్న తలుపు) మూసుకుపోయిందో, లోపల గాలి చిక్కుకుందో, కూలెంట్ బాగా తగ్గిపోయిందో అయ్యుంటుంది.

ముల్లు పైకీ కిందికీ ఊగుతుంటే, హీటర్ ఒకసారి వేడిగా ఒకసారి చల్లగా వస్తుంటే లోపల గాలి ఉంది. ఆ గాలి ఎక్కడినుంచి వచ్చిందనేదే అసలు ప్రశ్న. కొత్తగా కూలెంట్ నింపినప్పుడు చిక్కుకున్న గాలి అయితే ఫరవాలేదు. హెడ్ గాస్కెట్ పోయి సిలిండర్‌లోంచి వస్తున్న గ్యాసు అయితే పెద్ద పనే.

గ్యాస్ కిట్ ఉన్న బండ్లవాళ్లకు ఒక ముందస్తు గుర్తు ఉంది. ఆ కిట్‌లో గ్యాస్ ఒత్తిడిని తగ్గించే రెడ్యూసర్‌ను వెచ్చగా ఉంచేది కూలెంటే. కూలెంట్ తగ్గితే రెడ్యూసర్ మంచు కట్టినట్టు చల్లబడి, బండి గ్యాస్ మీద తడబడుతుంది. గ్యాస్ సెట్టింగ్ తప్పని ట్యూనింగ్‌కు పోకుండా ముందు కూలెంట్ మట్టం చూడండి.

కూలెంట్ ఎక్కడికి పోతోంది?

ఈ పని పొద్దున్నే, రాత్రంతా నిలిచి చల్లారిన బండి మీద చేయాలి.

ముందుగా మీ బండిది ఏ రకమో చూసుకోండి. కొన్నిటికి రేడియేటర్ మీదే ఒత్తిడి మూత ఉంటుంది, పక్కన ఒక మామూలు ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది. ఇంకొన్నిటికి రేడియేటర్ మీద మూతే ఉండదు, ఒత్తిడి మూత డబ్బాకే ఉంటుంది. మొదటి రకంలో డబ్బా చూసి ఊరుకోకూడదు. మూత తీసి రేడియేటర్‌లోకి కూడా చూడాలి. డబ్బా నిండుగా ఉండి రేడియేటర్ ఖాళీగా ఉంటే మూతలోని చిన్న వాల్వు పాడైందని, లేకపోతే డబ్బాకు పోయే సన్న గొట్టం చిట్లిందని అర్థం. వేడికి పొంగిన కూలెంట్ డబ్బాలోకి పోతుంది కానీ, చల్లారాక తిరిగి రాలేదు. పొద్దున పై హోస్ పైపు నొక్కుకుపోయి చప్పిడిగా కనబడితే ఆ వాల్వు తెరుచుకోవడం లేదన్నట్టే.

ఈ మూత సంగతి చాలామంది పట్టించుకోరు. వందల్లో దొరికే వస్తువు ఇది. దానిమీద 0.9 అనో 1.1 అనో ఉంటుంది, అది బార్లలో ఒత్తిడి. ఆ ఒత్తిడి నిలిస్తేనే లోపల ఉత్త నీళ్లు కూడా దాదాపు 120 డిగ్రీల దాకా మరగవు. సగం నీళ్లు, సగం కూలెంట్ అయితే 125 కూడా దాటుతుంది. మూత రబ్బరు గట్టిపడి చీలితే ఆ రక్షణ మొత్తం పోతుంది. కొత్తది కొనేటప్పుడు పాతదాని మీదున్న అంకే ఉండాలి. ఎక్కువ ఒత్తిడిది వేస్తే హోస్ పైపులు పగులుతాయి.

తర్వాత టార్చిలైటు పట్టుకుని వెతకండి. కూలెంట్ కారిన చోట ఎండిపోయి పచ్చగానో, గులాబీ రంగులోనో, తెల్లగానో పొరలా మిగులుతుంది. హోస్ పైపుల క్లిప్పుల దగ్గర, రేడియేటర్ పక్కన ప్లాస్టిక్, అల్యూమినియం కలిసే అతుకు దగ్గర, వాటర్ పంపు కింద చూడండి. పంపుకు అడుగున ఒక సన్న రంధ్రం ఉంటుంది. అందులోంచి చెమ్మ వస్తోందంటే లోపలి సీలు పోయిందని పంపు చెబుతున్నట్టే. ఎంసీల్‌తో ఆ రంధ్రం మూయడం చూశాను. అలా చేస్తే కూలెంట్ బేరింగ్‌లోకి చేరి పంపే విరుగుతుంది.

హోస్ పైపులను వేళ్లతో నొక్కండి. మెత్తగా ఉబ్బినా, అప్పడంలా పెళపెళమన్నా మార్చేయాలి. ముందు సీటు కాళ్ల దగ్గర కార్పెట్ తడిగా ఉండి తియ్యటి వాసన వస్తుంటే, అద్దానికి లోపలివైపు జిడ్డు పొగమంచు పడుతుంటే డాష్‌బోర్డు లోపలి హీటర్ కోర్ కారుతోంది. ఏసీ నీళ్లని పొరబడొద్దు. ఏసీ నీళ్లు జిడ్డుగా ఉండవు, వాసన ఉండదు.

ఎక్కడా కనబడకపోతే ప్రెషర్ టెస్ట్ చేయించండి. మూత స్థానంలో ఒక చేతి పంపు బిగించి, మూత మీద రాసినంత ఒత్తిడి ఎక్కించి పావుగంట ఉంచుతారు. మీటరు దిగితే కారుతున్నట్టు. బండి నడిచేటప్పుడు మాత్రమే కారేచోటు కూడా దీంతో బయటపడుతుంది. మొదట్లో నేను ఈ ఒక్క పరీక్ష చేయించుకుని ఉంటే పామూరు దగ్గర ఎండలో నిలబడేవాణ్ని కాదు.

ఫ్యానును పరీక్షించడం

బండి స్టార్ట్ చేసి ఏసీ వేయండి. చాలా కార్లలో ఏసీ వేయగానే రేడియేటర్ ఫ్యాను తిరగాలి. తిరగకపోతే ఫ్యూజు, ఫ్యానుకు కరెంటు వదిలే రిలే చూడండి. అదే రకం రిలే హారన్‌కో మరోదానికో ఉంటే రెంటినీ మార్చి చూడొచ్చు. ఏసీకి తిరిగి, ఏసీ లేకుండా ఇంజిన్ కాగినా తిరగకపోతే టెంపరేచర్ సెన్సర్ వైపు చూడాలి. కొన్ని బండ్లకు రెండు వేగాలుంటాయి. తక్కువ వేగానికి వాడే రెసిస్టర్ కాలిపోతే ఆ వేగం ఉండదు, బాగా వేడెక్కాక ఒక్కసారిగా పెద్ద చప్పుడుతో తిరుగుతుంది. "ఫ్యాను తిరుగుతోంది కదా" అని దాన్ని వదిలేయకండి.

వైరింగ్ పని జరిగిన బండి అయితే ఇంకోటి చూడాలి. ఫ్యాను తిరుగుతుండగా ముందు గ్రిల్ దగ్గర ఒక కాగితం పట్టుకోండి. ఫ్యాను ఇంజిన్ వైపు ఉండే కార్లలో కాగితం గ్రిల్‌కు అతుక్కోవాలి. ముందుకు ఎగిరిపోతే వైర్లు తారుమారై ఫ్యాను ఎదురు తిరుగుతోంది.

ఇంజిన్ ఆపాక కూడా ఈ ఫ్యాను దానంతట అదే తిరగొచ్చు. బానెట్ ఎత్తి పని చేసేటప్పుడు వేళ్లు, పైట కొంగు, మెడలో తువ్వాలు జాగ్రత్త.

థర్మోస్టాట్ తీసేయమంటే ఒప్పుకోకండి

"మన ఎండలకు థర్మోస్టాట్ ఎందుకన్నా, తీసేస్తే హీట్ కాదు" అనే మాట మీరూ విని ఉంటారు. ఒక గ్యారేజీలో నా బండికి కూడా నన్నడగకుండానే తీసేశారు. నెలరోజులు బాగుందనిపించింది. తర్వాత మైలేజీ తగ్గింది, ఎండాకాలం రాగానే మళ్లీ వేడెక్కింది.

థర్మోస్టాట్ ఒక చిన్న తలుపు. లోపలున్న మైనం ముద్ద 82 నుంచి 88 డిగ్రీల దగ్గర కరిగి వ్యాకోచించి తలుపు తెరుస్తుంది. అప్పటిదాకా కూలెంట్‌ను రేడియేటర్‌లోకి పోనివ్వదు, ఇంజిన్ త్వరగా కాగనిస్తుంది. తీసేస్తే ఇంజిన్ చాలాసేపు చల్లగానే నడుస్తుంది, ఇంధనం ఎక్కువ తాగుతుంది, లోపల అరుగుదల పెరుగుతుంది. చాలా ఇంజిన్లలో ఈ థర్మోస్టాట్‌కు కింద రెండో పళ్లెం ఉంటుంది. పై తలుపు తెరుచుకుంటే ఆ పళ్లెం అడ్డదారిని మూసి, కూలెంట్ మొత్తాన్ని రేడియేటర్‌కు పంపుతుంది. థర్మోస్టాట్ తీసేస్తే ఆ అడ్డదారి ఎప్పటికీ తెరిచే ఉంటుంది. సగం కూలెంట్ చల్లబడకుండానే తిరిగి ఇంజిన్‌లోకి పోతుంది. అంటే చల్లబరచడానికని తీసిందే వేడెక్కడానికి కారణమవుతుంది.

ఇంట్లోనే పరీక్షించొచ్చు. బయటికి తీసిన థర్మోస్టాట్‌ను దారంతో కట్టి, పాత గిన్నెలో నీళ్లుపోసి, గిన్నె అడుగుకు తగలకుండా వేలాడదీసి స్టవ్ మీద పెట్టండి. వంటల థర్మామీటరు ఉంటే మంచిది. దానిమీద చెక్కిన డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలై, ఇంకో పది పన్నెండు డిగ్రీలకు పూర్తిగా తెరుచుకోవాలి. నీళ్లు మరుగుతున్నా కదలకపోతే పారేయండి. ఆ గిన్నెను మళ్లీ వంటకు వాడకండి.

రేడియేటర్: బయటి దుమ్ము, లోపలి సున్నం

మన ప్రాంతంలో ఎక్కువ బండ్లను పాడుచేసేవి ఈ రెండే అని నా అనుభవం.

బయటి సంగతి. కోవూరు, బుచ్చి, విడవలూరు వైపు వరికోతలప్పుడు హార్వెస్టర్ల వెనకపడి రెండు మూడు రోజులు తిరిగితే చాలు, పొట్టు, దుమ్ము రేడియేటర్ రెక్కల్లో నిండిపోతాయి. హార్వెస్టర్ నడిపేవాళ్లను చూడండి, పూటకోసారి జాలీ దులుపుతూనే ఉంటారు, లేకపోతే పని సాగదని వాళ్లకు తెలుసు. చీమకుర్తి రోడ్డులో గ్రానైటు లారీల మధ్య రోజూ తిరిగే కార్లకు సన్నటి రాతి పిండి పట్టి, వానకు తడిసి గట్టిపడుతుంది. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఉప్పుగాలికి రెక్కలు పొడిపొడిగా రాలిపోతాయి. అలా రాలిన రేడియేటర్ కారకపోయినా చల్లబరచలేదు, మార్చాల్సిందే.

ముందు నుంచి చూస్తే కనబడేది ఏసీ కండెన్సర్. రేడియేటర్ దాని వెనక ఉంటుంది. అసలు చెత్త ఈ రెంటి మధ్య సందులో ఇరుక్కుంటుంది. సర్వీస్ సెంటర్‌లో ముందు నుంచి ప్రెషర్ వాటర్ కొట్టించడం వల్ల అది ఇంకా లోపలికి దిగుతుంది, పైగా రెక్కలు వంగి గాలి దారులు మూసుకుంటాయి. చల్లారిన బండికి ఇంజిన్ వైపు నుంచి బయటికి, మామూలు తోట పైపుతో నెమ్మదిగా కడగాలి. మూడు నాలుగు ఏళ్లకోసారి పై బోల్టులు విప్పించి ఆ సందును శుభ్రం చేయిస్తే ఏసీ కూడా బాగా చల్లబడుతుంది.

లోపలి సంగతి ఇంకా ముఖ్యం. కనిగిరి, పొదిలి, దర్శి వైపు ఇళ్లలో నీళ్లు కాచే గిన్నె అడుగున, హీటర్ రాడ్డు మీద తెల్లగా పేరుకునే పొర తెలుసు కదా. అదే బోరు నీళ్లు రేడియేటర్‌లో పోస్తే అదే పొర పెన్సిల్ ములుకంత సన్నని గొట్టాల్లో పేరుకుంటుంది. ఇంజిన్ లోపల సిలిండర్ల చుట్టూ కూడా కడుతుంది. లోహానికీ నీళ్లకూ మధ్య ఆ పొర దుప్పటి కప్పినట్టు ఉండి వేడిని బయటికి రానివ్వదు. నా పాత రేడియేటర్‌ను కోసి చూపించినప్పుడు కింది గొట్టాల్లో సగం మూసుకుపోయి ఉన్నాయి. రెండు నెలలు నేను పోసిన నీళ్లు, నాకు ముందు ఆ బండి నడిపినవాళ్లు పోసిన నీళ్లు అన్నీ అక్కడే ఉన్నాయి.

పూడిందో లేదో తెలుసుకోవడానికి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ గన్ పనికొస్తుంది. ఇంజిన్ బాగా కాగాక రేడియేటర్ ఉపరితలం మీద అంగుళం అంగుళం చూడండి. పక్కపక్క చోట్లలోనే ఒకచోట వేడిగా, ఒకచోట ఉన్నట్టుండి చల్లగా ఉంటే ఆ చల్లటి గొట్టాల్లోకి కూలెంట్ పోవడం లేదు. రాగి, ఇత్తడి రేడియేటర్లు అయితే ట్యాంకు విప్పి కడ్డీతో పొడిచి శుభ్రం చేస్తారు. ప్లాస్టిక్ ట్యాంకులున్న అల్యూమినియం రేడియేటర్‌కు అంత పనికంటే కొత్తది వేయడమే నయం.

హెడ్ గాస్కెట్ పోయిందా?

హెడ్డు దించుదాం అని ఎవరైనా అనగానే ఒప్పుకోకండి. ముందు రుజువు అడగండి.

చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన రెండు నిమిషాల్లోనే, ఇంకా వేడి పుట్టకముందే, పై హోస్ పైపు రాయిలా గట్టిపడితే అనుమానించాలి. చల్లగా ఉన్నప్పుడు మూత తీసి స్టార్ట్ చేస్తే బుడగలు ఆగకుండా వస్తుంటే కూడా అంతే. సైలెన్సర్‌లోంచి తియ్యటి వాసనతో తెల్ల పొగ, ఆయిల్ డిప్‌స్టిక్ మీద పాలు కలిపిన టీ రంగు జిగురు ఉంటే ఇంచుమించు ఖాయం. ఆ జిగురు కనబడితే బండి స్టార్ట్ చేయకండి, నీళ్లు కలిసిన ఆయిల్ బేరింగులను తినేస్తుంది.

ఖాయం చేసుకోవడానికి నీలం రంగు ద్రవంతో ఒక పరీక్ష ఉంది. రేడియేటర్‌లోంచి వచ్చే గాలిని ఆ ద్రవంలోంచి లాగుతారు. సిలిండర్ పొగ కలిసి ఉంటే నీలం పసుపవుతుంది. ఇది చేసే మెకానిక్‌ను వెతుక్కోండి, లేదా సిలిండర్లలో ఒత్తిడి ఎంత నిలుస్తోందో కొలిచే కంప్రెషన్ పరీక్ష చేయమనండి. హెడ్డు దించాల్సి వస్తే మాత్రం లేత్‌లో సమంగా ఉందో లేదో కొలిపించకుండా కొత్త గాస్కెట్ వేయనివ్వద్దు. ఆ రోజే థర్మోస్టాట్, మూత, హోస్ పైపులు కూడా మార్పించండి. అసలు వేడెక్కడానికి మూలం ఏదో తేల్చకుండా గాస్కెట్ ఒక్కటే మారిస్తే అది మళ్లీ పోతుంది.

కూలెంట్ మార్చే పద్ధతి

మన ఊళ్లలో గడ్డకట్టే చలి లేదు కాబట్టి కూలెంట్ అక్కర్లేదనేవాళ్లు ఉన్నారు. కూలెంట్ చేసేది ఆ ఒక్క పనే కాదు. నీళ్లు మరిగే మట్టాన్ని పెంచుతుంది, తుప్పును ఆపుతుంది, పంపు సీలును కాపాడుతుంది. తుప్పును ఆపే మందు కాలంతో ఖర్చయిపోతుంది కాబట్టే మార్చాలి. పాత రకాలు రెండేళ్లకు, లాంగ్ లైఫ్ రకాలు ఐదేళ్లకు అటూఇటూ. మీ బండి పుస్తకంలో ఉన్నదే ప్రమాణం. రంగు చూసి ఒకటేనని కలపకండి. కంపెనీ కంపెనీకి రంగు అర్థం మారుతుంది. రెండు రకాలు కలిస్తే కొన్నిసార్లు జావలా చిక్కబడుతుంది.

కలిపి అమ్మేది కొంటే నేరుగా పోయడమే. చిక్కటిది కొంటే సగానికి సగం డిస్టిల్డ్ వాటర్ కలపాలి. బంకుల్లో, బ్యాటరీ షాపుల్లో బ్యాటరీ నీళ్లని అమ్మేది అదే. పొరబాటున యాసిడ్ తెచ్చుకోకండి, లేబుల్ చదవండి. ఎక్కువ పోస్తే ఎక్కువ మంచిదని చిక్కటి కూలెంట్ నీళ్లు లేకుండా పోస్తే, వేడిని మోసే శక్తి తగ్గి బండి ఇంకా వేడెక్కుతుంది.

చల్లారిన బండి కింద పళ్లెం పెట్టి పాతది దించండి. డిస్టిల్డ్ వాటర్ నింపి, హీటర్ వేసి, కాగనిచ్చి, చల్లారాక మళ్లీ దించండి. తేటగా వచ్చేదాకా ఇలా చేయాలి. తర్వాత కొత్తది నెమ్మదిగా పోయాలి. బండి ముందు చక్రాలను కొంచెం ఎత్తుమీద పెడితే, హోస్ పైపులను చేత్తో పిసుకుతుంటే లోపలి గాలి బయటికొస్తుంది. గాలి తీసే స్క్రూ ఉంటే బుడగ లేని ధార వచ్చేదాకా విప్పి ఉంచండి. చల్లగా ఉన్నప్పుడే మూత తీసి స్టార్ట్ చేసి, బుడగలు తగ్గేకొద్దీ నింపి, కూలెంట్ పొంగడం మొదలవకముందే మూత వేయండి. ఫ్యాను రెండుసార్లు తిరిగి ఆగేదాకా ఉంచి, పూర్తిగా చల్లారాక మట్టం మళ్లీ చూడండి. మరుసటి పొద్దున కూడా ఒకసారి చూడాలి, దాదాపు ఎప్పుడూ కొంచెం తగ్గి ఉంటుంది.

దించిన పాత కూలెంట్‌ను కాలువలోనో, వీధిలోనో పోయకండి. అందులోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కుక్కలు, గేదెలు నాకుతాయి. కొంచెమే అయినా మూత్రపిండాలు పాడై చస్తాయి. ఇంట్లో పసిపిల్లలుంటే చల్లని డ్రింకు సీసాల్లో కూలెంట్ ఎప్పుడూ పోసిపెట్టకండి. క్యాన్‌లో మూత బిగించి, పాత ఆయిల్ తీసుకునే గ్యారేజీకి ఇవ్వండి.

ట్రాక్టర్లు, ఆటోలు, బైకులు

ట్రాక్టర్లలో ఫ్యాను, పంపు తిరిగేది చాలావరకు బెల్టు మీదే. బెల్టు మధ్యలో బొటనవేలితో నొక్కితే అర అంగుళం దాకా దిగాలి. అంతకంటే వదులైతే జారుతుంది, బిగుతైతే పంపు బేరింగ్ పోతుంది. గాలితో చల్లబడే ఆటోలకు, బైకులకు కూలెంట్ ఉండదు. సిలిండర్ రెక్కల మధ్య బురద గీకేయడం, ఆయిల్ మట్టం తగ్గకుండా చూసుకోవడం, ఇద్దరెక్కే బండి మీద నలుగురు ఎక్కకపోవడం, ఇంతే.

శివరాత్రికల్లా

ఎండలు ముదిరాక గ్యారేజీల్లో రద్దీ ఉంటుంది, పని తొందరతొందరగా అయిపోతుంది. అందుకే నేను శివరాత్రి సమయానికి ఒక ఆదివారం పొద్దున దీనికి కేటాయిస్తాను. కూలెంట్ మట్టం, మూత రబ్బరు, హోస్ పైపులు, బెల్టు, ఏసీ వేస్తే ఫ్యాను, కండెన్సర్ ముందు చెత్త, ఇంజిన్ ఆయిల్. అరగంట పని. డబ్బా మీద కూలెంట్ మట్టం దగ్గర మార్కర్‌తో గీత గీసి తేదీ రాస్తాను. నెల తర్వాత మళ్లీ పొద్దున్నే, బండి చల్లగా ఉన్నప్పుడు చూస్తాను. గీత దగ్గరే ఉంటే సరే. వేలెడు దిగితే ఆ వారంలోనే ప్రెషర్ టెస్ట్‌కు తీసుకుపోతాను.

డిక్కీలో ఇప్పుడు బోరు నీళ్ల బాటిల్ లేదు. ఒక లీటరు కలిపిన కూలెంట్, ఒక స్క్రూడ్రైవర్, రెండు హోస్ క్లిప్పులు ఉన్నాయి.